కాడి మీద పెట్టించని చెయ్యి

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. మా అత్త దానమ్మ ఎక్కడో ఒక బండి మీద, మా చెక్కపెట్టె దిగకుండా కూర్చుని, కొడుకూ కోడలూ తనను కావాలనే వదిలేశారని అనుకుంటూ ఉందేమోనని. ఆమె చనిపోయిందేమోనన్న భయం దాని తరువాతిదే. చనిపోయి ఉంటే ప్రభువు దగ్గర ఉంటుంది, అక్కడ ఆమెకు నిజం తెలుస్తుంది. బతికి ఉంటే తెలియదు.

ఇది జరిగి నాలుగు నెలలయింది. మేము అప్పటిదాకా పెద్దదోర్నాలలో ఉన్నాం. నా పెనిమిటి ఏలీయా అడవిలో కట్టెలు కొట్టే పనికి పోయేవాడు. మా బిడ్డ రూతుకు పది నెలలు. పుట్టిన నాటినుంచి దానికి వారం విడిచి వారం జ్వరం. ఆ అడవి నీళ్లలో ఉంటే బిడ్డ దక్కదని అందరూ అన్నారు. ఎవరి కాళ్లు పట్టుకున్నాడో గాని, ఆయన దొనకొండ రైలు స్టేషనులో సామాను మోసే పని సంపాదించుకుని ముందుగా వెళ్లాడు. స్టేషను వెనక ఒక గది దొరికాక కార్డు రాశాడు. గురవయ్య బండి మాట్లాడుకుని మార్కాపురం స్టేషను దాకా రండి, అక్కడ రైలెక్కండి, నేను దొనకొండలో దించుకుంటాను, బండి మీద ఇంత దూరం రావద్దు, మార్కాపురం దాటాక మనుషులు తిరగని దారి, అని. మిషను బడిలో నాలుగో తరగతి దాకా చదివిన నాకు ఆ కార్డు చదవడం వచ్చింది. దాని ప్రకారం నడవడం రాలేదు.

గురవయ్య దోర్నాలలో సొంత పొలం, సొంత బండి ఉన్న రైతు. మా అత్త ఇరవై ఏళ్లు ఆయన పొలంలో కూలి చేసింది. ఆయన స్టేషను దాకా మూడు రూపాయలు అడిగాడు. అది న్యాయమైన బాడుగే. కాని ఆ వారమే సంతరోజున ఒకతను మా గుడిసె ముందు బండి ఆపి, “వందనాలు చెల్లెమ్మా” అన్నాడు. తెల్లచొక్కా, జేబులో చిన్న పాటల పుస్తకం. పేరు ఏసురత్నమట. కురిచేడు పక్క పల్లె, అక్కడి సంఘంలో పెద్దల్లో ఒకడట. శ్రీశైలం యాత్రికులను దించి ఖాళీ బండి తోలుకుని పోతున్నాడట, ఎటూ దొనకొండ మీదుగానే పోవాలి కాబట్టి రెండున్నర రూపాయలిస్తే గది గుమ్మం దాకా సామాను దించి పోతానన్నాడు. రైలులో అయితే సామానుకు వేరే చార్జీ అనీ, ఇత్తడి బిందెలు సొట్టలు పడతాయనీ, జ్వరం బిడ్డను ఎత్తుకుని ప్లాటుఫారం మీద ఎన్ని గంటలు కూర్చుంటావనీ అడిగాడు. నేను మనసులో అనుకుంటున్న మాటలన్నీ అతనే చెప్పాడు. అట్లాంటి మనిషిని చూసి భయపడాలని నాకు అప్పుడు తెలియదు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. ఎరుగని మనిషి బాడుగకు వస్తే, సామాను ఎత్తకముందే అతని చేత కాడి మీద చెయ్యి పెట్టిస్తారు. వీధిలో ఇద్దరి ఎదుట తన ఊరూ, ఇంటిపేరూ, ఎక్కడి దాకా ఎంత బాడుగో చెప్పిస్తారు. చివరికి ఎడ్లను పేరు పెట్టి పిలవమంటారు. సొంత ఎడ్లయితే చెవులు తిప్పుతాయి. మేము సంఘంలో కలిసినప్పటినుంచి ఇది మానేశాం. కాడి ముట్టడం ఒట్టు కిందికి వస్తుంది, ఒట్టు పెట్టుకోకూడదు. ఎదుటివాడు కూడా సంఘస్థుడైతే అతని చేత చెయ్యి పెట్టించడం అతన్ని అవమానించినట్టే అనుకుంటాం.

సామాను ఎత్తుతున్న పొద్దున గురవయ్య అటుగా వచ్చి నిలబడ్డాడు. బాడుగ పోయిందని కోపమేమో అనుకున్నాను. ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

“అమ్మీ, నా బండి ఎక్కొద్దులే. ఆ మనిషి చేత కాడి మాత్రం పట్టించు. ఊరు చెప్పమను, ఎడ్లను పిలవమను. పిలిస్తే నీ దేవుడేం అలగడు.”

“ఆయన మావోడయ్యా. మాలో ఒట్లు లేవు” అన్నాను.

“మీవోడైతే మరీ మంచిది. ఊరు పేరు చెప్పేదానికి ఏంది కష్టం?”

ఏసురత్నం అది విన్నాడు. చేతిలో ఉన్న మంచాన్ని మెల్లగా కింద పెట్టి నా వైపు చూశాడు.

“నీకు నమ్మకం లేకుంటే చెప్పు చెల్లెమ్మా, ఇప్పుడే పట్టుకుంటా. నా ఆత్మకు పట్టే దోషం నాకు పట్టనీ. నీ బిడ్డ ఎండలో మాడకుండా ఇల్లు చేరితే చాలు.”

నాకు తల కొట్టేసినట్టయింది. వద్దన్నా, నీ మాట చాలు అన్నాను. రెండున్నర రూపాయలూ అప్పుడే అతని చేతిలో పెట్టాను. అతను తలగుడ్డ తీసి, బండి ముందు నిలబడి ప్రయాణం కోసం ప్రార్థన చేశాడు. చాలాసేపు చేశాడు. గురవయ్య వెళ్లిపోయాడు.

బండి కదిలాక మా అత్త నా చెవి దగ్గరకు వంగింది.

“ప్రార్థన బాగనే చేసినాడు గానీ, ఎడ్లు ఆమెన్ అనలా.”

“ఏందత్తా ఆ మాట?”

“పుల్లోడా, కర్రోడా అని ఇందాకటినుంచి అరుస్తా ఉండాడే. ఒక్క చెవి కదిలిందా? ఇరవై ఏండ్లు ఎడ్లకు కుడితి పెట్టినదాన్ని అమ్మీ. కట్టె తగిల్తే నడుస్తా ఉండాయి గానీ, ఈయన గొంతుకు కాదు.”

నేను ఆమెను కసురుకున్నాను. పెద్దదానివి, సంఘపెద్ద మీద అట్ల అనొచ్చా అన్నాను. ఆమె చెక్కపెట్టె మీద సర్దుకుని కూర్చుంది. ఆ పెట్టె మా మామది. అందులో ఆయన పాటల పుస్తకం, రూతు గౌన్లు, మా పెళ్లి బట్టలు ఉన్నాయి. దాని చుట్టూ తిరగలి, రెండు ఇత్తడి బిందెలు, నులకమంచం. మా సంసారమంతా అంతే.

ఆ రాత్రి మార్కాపురానికి ఇవతలే ఆగాం. తెల్లవారి అతను ఊళ్లోకి పోకుండా పొలాల వెంబడి బండిని చుట్టూ తిప్పాడు. బజారు దారి తవ్వేసి రాళ్లు పోశారన్నాడు. నేను నమ్మాను. స్టేషను కూడా దూరంగానే దాటిపోయాం. ఆ పక్కనుంచి రైలు కూత వినబడింది. ఆయన రాసిన కార్డు నా రవికలో ఉంది. దాన్ని తడుముకున్నాను గాని, ఆపమని చెప్పలేదు.

మిట్టమధ్యాహ్నానికి ఒక ఎండిన వాగులోకి దిగాం. అటూ ఇటూ తుమ్మచెట్లు తప్ప మనిషి జాడ లేదు. రూతుకు ఒళ్లు కాలిపోతోంది. వాగు నడిమధ్య అతను బండి ఆపి, ఎడ్లను విప్పి, చెట్టుకు కట్టి, తీరిగ్గా కూర్చున్నాడు. ఎడ్లకు అలుపు తీరాలేమో అనుకున్నాను. కాసేపటికి తన బాడుగ అయిపోయిందన్నాడు.

“మార్కాపురం దాకానే గదా చెల్లెమ్మా మనం అనుకున్నది. అది దాటి అయిదు కోసులు తోలినా. ఇంక దొనకొండకు పోవాలంటే ఇంకో ఆరు రూపాయలు.”

“లేదన్నా. దొనకొండ గుమ్మం దాకా అన్నావు.”

“ఎవరి ఎదుట అన్నా?”

అంతే అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. వాగులో ఇసుక తప్ప సాక్షి లేదు. నా కొంగున నాలుగణాలు ఉన్నాయి. అవి చూపించాను, బిడ్డను చూపించాను. ప్రభువు పేరు కూడా ఎత్తాను. అతను నవ్వి, సామాను ఇక్కడే దించమంటే దించేస్తాననీ, తిరగలి నెత్తిన పెట్టుకుని మంచం చంకన పెట్టుకుని నడిచి పొమ్మనీ అన్నాడు. దొనకొండ ఇంక రెండు కోసులే, నాలుగు మైళ్లే, మొగుడి దగ్గర డబ్బు తెచ్చేదాకా ఇక్కడే కాచుకుని ఉంటానని తనే దారి చూపించాడు.

మా వాళ్లలో ఒక మాట ఉంది, సామాను ఉన్నచోట ఇంటి మనిషి ఉండాలని. తరతరాలుగా ఒకరి చేను గట్టు మీద బతికిన వాళ్లం, వస్తువు మీదనుంచి చూపు తీస్తే అది మనది కాదని నేర్చుకున్నాం. మా అత్త ఆ మాట మీదే నిలబడింది.

“నువ్వు బిడ్డనెత్తుకొని పో. ఏలీయాను పిల్చుకొని రా. నేను ఈ పెట్టె దిగను.”

“అత్తా, నీకు పొద్దు గూకితే కండ్లు కనపడవు గదా.”

“పొద్దు గూకేలోగా వస్తారు గదా మీరు.”

అతను అప్పుడు మెత్తబడి, పెద్దమ్మకు నీళ్లిస్తాను, అన్నం కూడా పెడతాను, భయం లేదన్నాడు. మా అత్త అతని వైపు చూసింది.

“నీ అన్నం ఎందుకులే నాయనా. నీ ఎడ్ల పేర్లు చెప్పు, చాలు.”

అతను తలగుడ్డ దులిపి మళ్లీ కట్టుకున్నాడు. సామాను పోతే పోయింది, నువ్వు దిగి నాతో రా అత్తా, అని నేను అనాలి. అప్పుడు ఆ మాట నా నోట రాలేదు. ఇప్పుడు రోజూ అంటున్నాను. తిరగలి నాదే, బిందెలు నావే, పెట్టెలో నా బిడ్డ గౌన్లు ఉన్నాయి. వాటి మీద ఆమె కూర్చుని ఉంటుందంటే నాకు ధైర్యంగానే అనిపించింది. ఒడ్డెక్కి ఒకసారి వెనక్కి చూశాను. కొంగు నెత్తిన కప్పుకుని, పెట్టె గొళ్లెం మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది. నా వైపు చూడలేదు. అతన్నే చూస్తోంది.

రెండు కోసులూ పరుగులాంటి నడక నడిచాను. స్టేషనులో ఆయన గూడ్సు పెట్టెలోంచి మూటలు దించుతున్నాడు. నన్ను ఒంటరిగా చూడగానే మూట కింద పడేశాడు. స్టేషను దొర దగ్గర సెలవు అడిగి, తోటివాళ్ల దగ్గర ఆరు రూపాయలు కూడబెట్టుకుని, రూతును పక్కింట్లో అప్పజెప్పి ఇద్దరం వెనక్కి పరుగెత్తాం. పొద్దు ఇంకా మునగలేదు. వాగులో బండి లేదు. చెట్టు కింద ఎడ్ల పేడ పైన పొర కట్టి ఎండిపోయి ఉంది. అంటే నేను ఒడ్డెక్కి వంపు తిరగగానే అతను ఎడ్లను బండికి కట్టి వెళ్లిపోయాడు. చక్రాల జాడ ఇసుకలో కనబడింది గాని, గట్టు మీద రాతినేలలో కలిసిపోయింది. ఆయన “అమ్మా” అని ఎన్నిసార్లు పిలిచాడో నేను లెక్కపెట్టలేదు. చీకటి పడేదాకా పిలుస్తూనే ఉన్నాడు.

మరుసటి రోజు కురిచేడు వెళ్లాం. ఏసురత్నం అనే పెద్దమనిషి అక్కడ నిజంగానే ఉన్నాడు. డెబ్బై ఏళ్లవాడు, ప్రార్థన ఇల్లు ఊడ్చి గంట కొట్టేవాడు. పుట్టి బుద్ధెరిగి ఎద్దును కొన్నవాడు కాదు. తన పేరు అట్లా వాడుకున్నారని విని ఆయనే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పోలీసు ఠాణాలో రాసుకున్నారు. ఊరేది అన్నారు, అతను చెప్పిన ఊరు చెప్పాం. సాక్షి ఎవరన్నారు. ఏలీయా నా వైపు చూశాడు. ఆ చూపు చాలు.

పది రోజులకు స్టేషనుకు కాటమరాజు అనే రైతు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. మార్కాపురం దగ్గర పల్లె. అతని ఎడ్లను కళ్లం దగ్గరనుంచి బండితో సహా ఎవరో తోలుకుపోయారట. మా కథ రైలులో విన్నాడు. ఎడ్లు ఎట్లా ఉన్నాయని అడిగాడు. ఎడమవైపుది తెల్లది, కొమ్ము ముందుకు వంగి ఉంది, కుడివైపుది కపిలది, బండి చక్రంలో ఒక ఆకు పుల్ల కొత్త కర్రతో చేసింది, అని చెప్పాను. అతను నేల మీద కూర్చుండిపోయాడు.

“ఎడమది మా గవ్వన్న. కుడిది ముత్యం. నా ఇంటిదానికన్నా నా మాట బాగా వినేవి అవే.” నవ్వబోయి ఆగాడు. “ఏ పేరుతో పిలిచినాడమ్మీ వాటిని?”

“పుల్లోడా, కర్రోడా అన్నాడు. అవి చెవి తిప్పలేదు.”

“కనిపెట్టినారా మరి?”

“మా అత్త కనిపెట్టింది” అన్నాను.

అందుకే ఊరిని తప్పించి పొలాల వెంబడి పోయాడని నాకు అప్పుడు అర్థమయింది. బజారులోకి పోయి ఉంటే ఆ ఎడ్లను ఎవరో ఒకరు గుర్తుపట్టేవాళ్లు. దోర్నాలలో కాడి పట్టించి ఉంటే బండి అసలు కదిలేదే కాదు. గురవయ్యకు ఈ సంగతి తెలిసి, జొన్నల మూటతో రైలెక్కి వచ్చి చూసి పోయాడు. చెప్పినా కదా అనలేదు. అన్నా బాగుండేది.

నెల తిరిగాక కంభంలో ఒక దుకాణంలో మా బిందె కనబడింది. అంచు మీద మణి అని నా పేరు పొడిపించుకున్నాను కాబట్టి దొరికింది. దుకాణదారు అబద్ధం చెప్పలేదు. తెల్లచొక్కా మనిషి అమ్మాడనీ, బండి మీద పెట్టె పట్టుకుని ఒక ముసలామె ఉందనీ, ఆమె బిందె అమ్మవద్దని గొడవ చేసిందనీ చెప్పాడు. అది నా కోడలిది నాయనా, నా కొడుకు గిద్దలూరు కాడికి వచ్చి డబ్బు కడతాడంట, అందాకా ఆగు, అన్నదట. అత్తాకోడళ్ల తగవేమో అనుకున్నాడట. ఆమె దిగి పారిపోలేదేమని మొదట నాకు కోపం వచ్చింది. తరువాత ఆలోచించాను. దిగితే పెట్టె పోతుంది. కొడుకు తరువాతి ఊరికి వస్తాడని అతను ప్రతి ఊళ్లోనూ చెబుతూ ఉంటాడు. బండి మీద ముసలామె ఉంటే దొంగబండి అని ఎవరూ అనుకోరు, అందుకే అతనూ ఆమెను దించడు. రాత్రుళ్లు ఆమెకు ఏ దారిన పోతున్నదీ కనబడదు. ఆమె మాట ఇచ్చింది నాకు. పెట్టె దిగనని.

ఏలీయా గిద్దలూరు వెళ్లి మూడు రోజులు తిరిగాడు. బండ్లు విడిసే చోట రొట్టెలు అమ్మే ఓబులమ్మ ఆమెకు చెంబుతో నీళ్లిచ్చిందట. చిక్కిపోయిందట గాని మాట గట్టిగానే ఉందట. స్టేషనులో మూటలు మోసే ఏలీయా వచ్చినాడా అని దారినపోయే వాళ్లందరినీ అడిగిందట. రాలేదమ్మా అని వాళ్లు చెప్పారట. వాళ్లు చెప్పింది నిజమే. ఆయన అక్కడికి చేరేసరికి పన్నెండు రోజులు ఆలస్యమయింది. బండి నంద్యాల వైపు కనుమ దారి పట్టిందన్నారు కొందరు, తిరిగి కంభం వైపు పోయిందన్నారు కొందరు.

రూతుకు జ్వరం తగ్గింది. గోడ పట్టుకుని నడుస్తోంది. దీనికోసమే కదా ఊరు మారాం అని సంతోషపడబోతాను. ఇంతలో ఎక్కడో బండి ఇరుసు చప్పుడు వినబడుతుంది, పొయ్యి వదిలేసి బయటికి పరుగెత్తుతాను.

సంఘంలో నలుగురు తల్లులు కూర్చున్నచోట నేను ఇప్పుడు చెప్పేది ఒకటే. బండి మాట్లాడుకునేటప్పుడు మనవాడా కాదా అని చూడకండి. మనవాడైతే మరీ గట్టిగా అడగండి. ఊరు పేరు చెప్పడం ఒట్టు కాదు. ఎద్దును పిలవడం పాపం కాదు. అందరికన్నా తక్కువకు వస్తానన్నవాణ్ని, ఎందుకు తక్కువ అని అడగండి. బాడుగ అంతా ముందే చేతిలో పెట్టకండి. ఇంటి మనిషిని మాత్రం సామానుకు కాపలా పెట్టి కదలకండి. వాళ్లు వింటారు. కొందరు నన్ను చూసి తల తిప్పుకుంటారు, అత్తను వదిలి వచ్చిన కోడలని.

ఇది చదివే మీరు ఏ ఊళ్లో ఉన్నా, మీ దారిన బాడుగ బండ్లు పోతూనే ఉంటాయి. ఎడమ ఎద్దు తెల్లదై, కొమ్ము ముందుకు వంగి ఉంటే, ఒక్కసారి “గవ్వన్నా” అని పిలవండి. అది తల తిప్పితే బండి మీదికి చూడండి. చెక్కపెట్టె మీద ముసలామె ఉంటే, ముందు అన్నం తిన్నదా అని అడగండి. ఆ రోజు పొద్దు మునగకముందే మేము వాగుకు వచ్చామని, ఆమె కొడుకు గొంతు పోయేదాకా పిలిచాడని చెప్పండి. పెట్టె దిగమనండి. పెట్టె పోతే పోయిందని, ఆమె ఒక్కతే వస్తే చాలని మణి చెప్పిందనండి. పొద్దు గూకితే ఆమెకు కళ్లు కనపడవు. చెయ్యి పట్టుకుని దించండి.